గడప దగ్గరే ఆగిపోయిన ఫీడ్

నేను వెబ్ డెవలపర్‌ని. హైదరాబాద్‌లో ఉంటూ సాహిత్య పత్రికలకి, వార్తా సైట్లకి, చిన్న చిన్న సంస్థలకి వెబ్‌సైట్లు కట్టిపెడతాను, కట్టినవాటి బాగోగులు చూస్తాను. ఈ పనిలో నా దగ్గరికి ఎక్కువగా వచ్చే పని ఒకటుంది. సైట్‌లో కొత్తగా ఏదైనా పెడితే, కావాలనుకున్న పాఠకుడికి ఆ సంగతి వాళ్లు వెతుక్కోకుండానే చేరాలి. దానికి వాడేదే ఫీడ్.

ఫీడ్ అనేది సైట్‌లో ఉండే ఒక చిన్న ఫైల్. తాజాగా వచ్చిన పదో ఇరవయ్యో వ్యాసాల శీర్షికలు, లింకులు, తేదీలు, సారాంశమో పూర్తి పాఠమో అందులో ఒక పద్ధతి ప్రకారం రాసి ఉంటాయి. పాఠకుడి ఫోన్‌లో ఫీడ్ రీడర్ అనే యాప్ ఉంటుంది. అది అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైల్‌ని చూసి, కొత్తది కనిపిస్తే తెచ్చి ముందు పెడుతుంది. మెయిల్ ఐడీ ఇవ్వక్కర్లేదు, ఫోన్ నంబర్ ఇవ్వక్కర్లేదు. ఏది ముందు కనిపించాలో నిర్ణయించే అల్గారిథమ్ మధ్యలో ఉండదు. వద్దనుకున్న రోజున జాబితాలోంచి తీసేస్తే సరి, ఆ తర్వాత ఎవరూ వెంటపడరు.

ఇంత సౌకర్యం పాతికేళ్లుగా ఉంది. అయినా కంప్యూటర్ పనిలో లేని మా చుట్టాల్లో దీని పేరు విన్నవాళ్లు దాదాపు లేరు. ఇన్నేళ్లు దీనితో పనిచేశాక నాకు తేలింది ఒక్కటే. ఫీడ్‌లో లోపం లేదు, ఫీడ్‌లోకి వెళ్లే దారిలోనే ఉంది. సైట్ కట్టేవాళ్లు ఫైల్ తయారుచేసి మా పని అయిపోయిందనుకున్నాం. రీడర్ తయారుచేసేవాళ్లు చిరునామా ఇస్తే తెచ్చిపెడతాం అన్నారు. ఆ చిరునామాని సైట్ నుంచి రీడర్ దాకా మోసుకెళ్లే పని పాఠకుడి నెత్తిన పడింది. మధ్యలో ఉన్న బ్రౌజర్ కొన్నాళ్లు చెయ్యి అందించి, తర్వాత తప్పుకుంది.

ఆ కథ కొంచెం చెప్పాలి. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ తన పోర్టల్ కోసం ఆర్‌ఎస్‌ఎస్ అనే ఫార్మాట్‌ని తెచ్చింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు డాన్ లిబ్బీ, ఇంకొకరు మద్రాసు ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహ. కొన్నాళ్లకే నెట్‌స్కేప్ దాన్ని వదిలేసింది. ఆ తర్వాత దాన్ని పట్టుకున్నవాళ్లు రెండు వర్గాలయ్యారు. 2000 డిసెంబరు ఒక్క నెలలోనే ఒక వర్గం 0.92 అని, ఇంకో వర్గం 1.0 అని రెండు వేర్వేరు రకాలు విడుదల చేశాయి. 2002లో 2.0 వచ్చింది. ఈ గొడవతో విసిగినవాళ్లు ఆటమ్ అనే మరో ఫార్మాట్ మొదలుపెడితే, అది 2005 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడింది. ఇదంతా మా ఇంటి తగాదా. కానీ దాని భారం పడింది మాత్రం పాఠకుడి మీద. ఆ రోజుల్లో ఏ బ్లాగు తెరిచినా పక్కన బొత్తాల బారు కనిపించేది. ఆర్‌ఎస్‌ఎస్ ఇక్కడ, ఆటమ్ ఇక్కడ, మై యాహూలో చేర్చుకోండి, బ్లాగ్‌లైన్స్‌లో చేర్చుకోండి అంటూ. వీటిలో ఏది నొక్కాలో తెలియని మనిషి ఏదీ నొక్కడు.

కొంత కుదుటపడింది 2004, 2006 మధ్యలో. ఫైర్‌ఫాక్స్ తన మొదటి వెర్షన్‌లోనే ఫీడ్‌లని బుక్‌మార్కుల్లా పెట్టుకునే వీలిచ్చింది. స్టీఫెన్ హార్లాండర్ దానికోసం గీసిన నారింజరంగు గుర్తునే తామూ వాడతామని 2005 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఒకరితో ఒకరు పోటీపడే బ్రౌజర్లు ఒకే బొమ్మకి ఒప్పుకోవడం అరుదు. సఫారీలో 2005లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7లో 2006లో ఫీడ్ చదివే ఏర్పాటు వచ్చింది. 2005 అక్టోబరులో గూగుల్ రీడర్ మొదలైంది. తెలుగులో బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు నడిచింది కూడా ఫీడ్‌ల మీదే. వాటిలో బ్లాగులు చదివిన వేలమందికి తాము ఫీడ్ వాడుతున్నామని తెలియదు. తెలియనవసరమూ లేదు, ఆ మాటకొస్తే.

తర్వాత ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. సఫారీ 2012లో తీసేసింది. గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశారు. ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో వదులుకుంది. మన దగ్గర జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. అంటే చౌక డేటాతో, చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్‌తో తెలుగు పాఠకులు పెద్ద ఎత్తున ఇంటర్నెట్‌లోకి వచ్చేసరికి బ్రౌజర్లలో ఫీడ్ బొత్తం దాదాపు పోయింది. వాళ్లు దాన్ని వాడి మానేయలేదు, వాళ్లకి అది కనిపించనే లేదు. ఫీడ్‌కి కాలం చెల్లిందని ఎవరైనా అంటే నేను చెప్పే జవాబు ఇదే.

ఇక నా పని సంగతులు. ఒక సాహిత్య పత్రిక వాళ్లు సైట్ బాగుచేయమని నన్ను పిలిచారు. వాళ్ల సైట్‌లో నారింజ గుర్తు అప్పటికే ఉంది. పాత చందాదారు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పత్రికకి ఫోన్ చేస్తే, సంపాదకులు ఫోన్ నా చేతికిచ్చారు.

“బాబూ, ఆ బొమ్మ నొక్కితే ఏదో గజిబిజి వచ్చింది. వైరస్ దూరిందేమోనని ఫోన్ ఆపేశాను.”

“వైరస్ కాదండీ మాస్టారూ, అది ఫీడ్. యంత్రం చదువుకునే ఫైల్.”

“మరి నేను చదివేది ఎక్కడుంది?”

“దానికి ఇంకో యాప్ వేసుకోవాలండీ.”

“ఆ ముక్క అక్కడే రాసి పెట్టొచ్చు కదయ్యా!”

ఆ మాటలో నాకు పని మొత్తం దొరికింది. ఫీడ్ ఫైల్‌ని నేరుగా నొక్కితే కొన్ని బ్రౌజర్లు ట్యాగులతో నిండిన పేజీ చూపిస్తాయి, కొన్ని ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసి ఊరుకుంటాయి. మామూలు మనిషికి ఇంతకంటే భయపెట్టే స్వాగతం ఉండదు. అందుకని ఆ గుర్తు వెనక లింకు మార్చేశాను. ఇప్పుడది నొక్కితే తెలుగులో ఒక మామూలు పేజీ తెరుచుకుంటుంది. కొత్త సంచిక వచ్చినప్పుడల్లా మీ ఫోన్‌కి ఎలా చేరుతుందో పైన రెండు వాక్యాలు. ఆండ్రాయిడ్‌కి ఒక యాప్, ఐఫోన్‌కి ఒక యాప్, వాటి లింకులు. కింద “చిరునామా కాపీ చేయండి” అని ఒక బొత్తం. చివర, ఇదంతా వద్దనుకునేవాళ్లకి మెయిల్‌లో పంపే వీలు. యాప్‌లు ఇరవై ఉన్నాయి కదా, అన్నీ పెడదామన్నారు పత్రికవాళ్లు. నేను ఒప్పుకోలేదు. ఇరవై పేర్లు చూపిస్తే పాత బొత్తాల బారుని మళ్లీ తెచ్చి పెట్టినట్టే.

ఫీడ్ ఫైల్‌కే ముస్తాబు చేసే పద్ధతి కూడా ఉంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే పాత పరిజ్ఞానంతో, ఆ ఫైల్ బ్రౌజర్‌లో తెరిస్తే పొందికైన పేజీలా కనిపించేలా చేయొచ్చు. నేనూ కొన్ని సైట్లకి చేశాను, చూడముచ్చటగా ఉండేది. అయితే బ్రౌజర్లలో దాని వాడకం బాగా తగ్గిందని, భద్రతా సమస్యలు కూడా ఉన్నాయని చెప్పి 2025లో క్రోమ్ బృందం దాన్ని తీసేసే నిర్ణయం ప్రకటించింది. బ్రౌజర్ దయ మీద నిలబడే ఏర్పాటు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. విడిగా ఒక మామూలు పేజీ పెట్టుకోవడమే మేలని నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

రెండో పని ఇంకా చిన్నది, ఫలితం మాత్రం పెద్దది. సైట్ ప్రతి పేజీ తలభాగంలో, పాఠకుడికి కనిపించని చోట, “మా ఫీడ్ ఇక్కడుంది” అని రీడర్‌కి చెప్పే ఒక్క లైను రాయాలి. ఈ పద్ధతి 2002 నుంచీ ఉంది. అది ఉంటే పాఠకుడు ఫీడ్ చిరునామా వెతుక్కోనక్కర్లేదు. సైట్ పేరు రీడర్‌లో టైప్ చేస్తే మిగతాది రీడరే చూసుకుంటుంది. కానీ సైట్‌కి కొత్త రూపం ఇచ్చిన ప్రతిసారీ ముందు ఎగిరిపోయేది ఈ లైనే. కనిపించదు కాబట్టి పోయిందని ఎవరూ గమనించరు. వర్డ్‌ప్రెస్ సైట్లలో ఇంకో తిరకాసు. అది వ్యాసాల ఫీడ్‌తో పాటు వ్యాఖ్యల ఫీడ్‌ని కూడా చూపిస్తుంది. తెలియనివాళ్లు రెండోదాన్ని ఎంచుకుని, కథల కోసం ఎదురుచూస్తుంటే “చాలా బాగుందండీ” అనే వ్యాఖ్యలు వచ్చిపడుతుంటాయి. నేను వ్యాఖ్యల ఫీడ్ ప్రకటనని తీసేస్తాను.

ఈమధ్య మరో రకం ఫిర్యాదు ఎక్కువైంది. ఫీడ్ బాగానే ఉంటుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, రీడర్‌లో మాత్రం రాదు. చూస్తే, దొంగ బాట్లని, అంటే మనుషుల్లా వచ్చే ప్రోగ్రాములని, ఆపడానికి సైట్ ముందు పెట్టిన కాపలా ఫీడ్ రీడర్లని కూడా బాట్లే అనుకుని తరిమేస్తుంటుంది. “మీరు మనిషేనా?” అని అడిగితే రీడర్ ఏం చెబుతుంది పాపం! ఫీడ్ చిరునామా ఒక్కదానికి ఆ తనిఖీ మినహాయించమని హోస్టింగ్ చూసేవాళ్లకి చెప్పి చేయించడం ఇప్పుడు నా పనుల్లో ఒకటైంది.

తెలుగు ఫీడ్‌లకి ప్రత్యేకమైన తిప్పలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు సైట్లకి రాసిన కోడ్‌ని తెచ్చి తెలుగుకి పెడితే అవి బయటపడతాయి. సారాంశాన్ని ఇన్ని బైట్ల దగ్గర కత్తిరించమని కోడ్ చెబుతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు. యూనికోడ్‌ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. మనం ఒకే అక్షరంగా పలికే ‘స్త్రీ’లో ఆరు గుర్తులున్నాయి, అంటే పద్దెనిమిది బైట్లు. కత్తెర ఎక్కడ పడినా పడొచ్చు. గుర్తు మధ్యలో పడితే ప్రశ్నార్థకం ఉన్న నల్ల డబ్బా కనిపిస్తుంది. గుర్తుల మధ్య పడితే ‘ముఖ్యమంత్రి’ కాస్తా ‘ముఖ్యమంత్’ అయి ఆగుతుంది. ఒక్కోసారి ఆ విరిగిన బైటు వల్ల ఫైల్ మొత్తం చెల్లకుండా పోతుంది. మందు తేలికే, మాటల మధ్య ఖాళీ దగ్గరే కత్తిరించాలి. కానీ తెలుగు చదివేవాళ్లు ఫీడ్‌ని తెరిచి చూస్తే తప్ప ఈ లోపం ఎవరి కంటా పడదు.

తేదీలది ఇంకో గొడవ. ఆర్‌ఎస్‌ఎస్‌లో నెలల పేర్లు, వారాల పేర్లు ఇంగ్లీషు పొట్టి రూపాల్లోనే ఉండాలని నియమం. సైట్ అంతా తెలుగులోకి మార్చే ఉత్సాహంలో ఫీడ్‌లో కూడా ‘జనవరి, సోమవారం’ అని పెట్టేస్తారు. రీడర్‌కి అది అర్థంకాక కొన్నిసార్లు నిన్నటి కథని 1970 జనవరి 1 నాటిదిగా చూపిస్తుంది, ఎందుకంటే చాలా కంప్యూటర్ల కాలగణన అక్కడ మొదలవుతుంది. మన టైముని గ్రీన్‌విచ్ టైము అని రాసేస్తే ఐదున్నర గంటల తేడా వచ్చి, సాయంత్రం పెట్టిన వార్త అర్ధరాత్రి దాకా భవిష్యత్తులోనే ఉండిపోతుంది. ఇక వ్యాసానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య మార్చకూడదు. ఒక సైట్ చిరునామా మార్చినప్పుడు అవి కూడా మారిపోయి, పాత కథలన్నీ కొత్తవాటిలా మళ్లీ వచ్చి పాఠకుల మీద పడ్డాయి. ఆ రోజు చాలామంది విసుక్కుని ఆ ఫీడ్‌ని తీసేసి ఉంటారని నా అనుమానం.

ఇవన్నీ సరిచేస్తే ఫీడ్ నడుస్తుంది. మనుషులు చేరడానికి ఇంకొంచెం కావాలి. ఆ కొంచెం ఏమిటో పాడ్‌కాస్ట్‌లని చూస్తే తెలుస్తుంది. పాడ్‌కాస్ట్ కూడా ఫీడే, వ్యాసం బదులు ఆడియో ఫైల్ లింకు ఉంటుంది, అంతే. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లని చేర్చినప్పుడు వెతకడం, చేరడం, వినడం మూడూ ఒకే చోట పెట్టింది. ఎవరూ ఎక్కడా చిరునామా అతికించక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరులో యాహూ, ఇప్సాస్ కలిసి చేసిన సర్వేలో, ఇంటర్నెట్ వాడేవాళ్లలో ఆర్‌ఎస్‌ఎస్ గురించి తెలిసినవాళ్లు 12 శాతం, తెలిసి వాడినవాళ్లు 4 శాతమే. మై యాహూ లాంటి పేజీల్లో తెలియకుండా వాడుతున్నవాళ్లు మాత్రం 27 శాతం. నేను కొత్తగా పనిలో చేరిన పిల్లలకి ఈ అంకెలు చెబుతుంటాను. ఫీడ్ అంటే ఏమిటో జనానికి నేర్పడం మన పని కాదు. నేర్చుకోకుండానే వాడుకునేలా చేయడం మన పని.

మన పాఠకులకి బాగా అలవాటైన బొత్తం ఏదని చూస్తే, నాకు షేర్ బొత్తం కనిపించింది. వాట్సాప్ వల్ల అది అందరికీ వచ్చు. చాలా రీడర్ యాప్‌లు ఆ షేర్ జాబితాలో కూడా కనిపిస్తాయి. సైట్ తెరిచి, షేర్ నొక్కి, వాట్సాప్ బదులు రీడర్‌ని ఎంచుకుంటే, ఇందాక చెప్పిన కనిపించని లైను సాయంతో అది ఫీడ్‌ని పట్టేసుకుంటుంది. “మా అమ్మాయికి పంపినట్టే కదా, అయితే వచ్చులే” అన్నారొక పెద్దావిడ. ఫీడ్ అనే మాట నేను ఆవిడ దగ్గర ఎత్తనే లేదు.

చేరాక నిలబడటం మరో ఎత్తు. కొత్తగా చేరినవాళ్లు ఉత్సాహంగా పెద్ద పెద్ద వార్తా సైట్ల మొత్తం ఫీడ్‌లు పెట్టుకుంటారు. మర్నాటికి చదవనివి వందల్లో పేరుకుంటాయి. ఆ అంకె చూడగానే అప్పు నోటీసు చూసినట్టుంటుంది, యాప్ తీసేస్తారు. అందుకే వార్తా సైట్లకి విడివిడి ఫీడ్‌లు పెట్టమంటాను. జిల్లాకొకటి, వ్యవసాయానికొకటి, సాహిత్యానికొకటి. పాఠకులకి చెప్పేది, రోజుకి వందసార్లు రాసే సైట్‌ని ఫీడ్‌లో పెట్టుకోవద్దని. నెలకోసారో వారానికోసారో రాసేవాళ్ల కోసమే ఫీడ్ పుట్టిందనిపిస్తుంది. మనం మర్చిపోయేది వాళ్లనే కదా.

యాజమాన్యాలతో వాదన ఎప్పుడూ ఒక్కచోటే. పూర్తి పాఠం ఇవ్వాలా, సారాంశంతో ఆపాలా? పూర్తిగా ఇస్తే సైట్‌కి ఎవరొస్తారు, ప్రకటనలు ఎవరు చూస్తారు అంటారు. ప్రకటనల మీద బతికే సైట్ ఆ మాట అనడంలో అన్యాయం లేదు. అలాంటిచోట కనీసం రెండు పేరాల సారాంశమైనా అడుగుతాను, ఒక్క లైను ఇస్తే చదివేవాడు నొక్కడు. ప్రకటనలే లేని సాహిత్య పత్రికలు మాత్రం పూర్తి పాఠం ఇవ్వకపోవడానికి నాకు కారణం కనిపించదు. సర్వర్ మీద భారం అని ఇంకొందరు భయపడతారు. రీడర్ వచ్చి అడిగినప్పుడు “కిందటిసారి నుంచి ఏమీ మారలేదు” అని చెప్పే 304 అనే సమాధానం హెచ్‌టీటీపీలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని సరిగ్గా అమర్చితే ఆ భారం చాలా తగ్గుతుంది.

“ఇప్పుడు వాట్సాప్ ఛానెళ్లు ఉన్నాయి కదా, ఇదెందుకు?” అని అడుగుతారు. 2023లో అవి వచ్చాయి, ఒక్క నొక్కుతో అనుసరించవచ్చు. అది చక్కటి గడప అని నేను ఒప్పుకుంటాను, మేం కట్టలేకపోయింది అలాంటిదే. కానీ ఛానెల్‌ని అనుసరించేవాళ్లు ఆ కంపెనీ ఇంట్లోనే ఉంటారు. రేపు ఆ ఏర్పాటు మారితే పాఠకుడూ పోతాడు, పత్రికా పోతుంది. గూగుల్ రీడర్ మూసినప్పుడు పాఠకులు తమ జాబితాని ఓపీఎమ్‌ఎల్ అనే ఒక్క ఫైల్‌గా దించుకుని ఫీడ్‌లీ, న్యూస్‌బ్లర్ లాంటి వేరే రీడర్లకి మారిపోయారు. రీడర్ పోయింది, జాబితా మిగిలింది. ఆ స్వేచ్ఛ ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

సైట్లు నడిపేవాళ్లకి నా విన్నపం. మీ సైట్ వర్డ్‌ప్రెస్‌దైనా బ్లాగర్‌దైనా ఫీడ్ ఇప్పటికే ఉంది, కొత్తగా ఖర్చేమీ లేదు. దాన్ని ఒక రీడర్‌లో మీరే చేర్చుకుని చూడండి. సైట్ పేరు కొడితే దొరుకుతోందా, తెలుగు విరగకుండా వస్తోందా, తేదీలు సరిగ్గా ఉన్నాయా అన్నవి చూసుకోండి. తెలుగులో ఒక పరిచయ పేజీ రాసి, ముఖపేజీలో దానికి లింకివ్వండి. ఇక పాఠకులకి. యూట్యూబ్ ఛానెళ్లకి, రిజర్వు బ్యాంకు ప్రకటనలకి, ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయానికి కూడా ఫీడ్‌లున్నాయి. ఒక ఉచిత రీడర్ వేసుకుని, మీకు నిజంగా ఇష్టమైన సైట్లు ఓ ఐదు చేర్చుకుని నెల రోజులు చూడండి. వాటిలో దేనికైనా ఫీడ్ దొరక్కపోతే ఆ సైట్ వాళ్లకి ఒక ఉత్తరం రాయండి. పాఠకుడు అడిగినప్పుడు కదిలినంతగా మాలాంటివాళ్లు చెప్పినప్పుడు యాజమాన్యాలు కదలవు.